ఒకే తల, రెండు పంటలు

పన్నెండో విగ్గు దువ్వెనకు లొంగలేదు.

మేకుల పిన్ని దాన్ని ఒళ్లో పెట్టుకుని ముందు కొసలు దువ్వింది. తర్వాత నడిమి దువ్వింది. నీళ్లు చల్లి చూసింది. దువ్వుతున్న కొద్దీ అది బిగుసుకుని, తడిసిన గొర్రెబొచ్చులా ముద్దకట్టింది. ముప్పై ఏళ్లుగా మేకుల పీట మీద జుట్టు చిక్కు తీసి ఆ పేరు తెచ్చుకున్న మనిషి. అలాంటిది దువ్వెన బల్ల మీద పడేసింది.

"ఇది ఇంక తేరదు. మొదలూ కొసా కలిసిపోయాయి," అంది.

వెంట్రుకకు మొదలు ఒకటి, కొస ఒకటి. కంటికి తెలియదు, వేళ్లకు తెలుస్తుంది. కొస నుంచి పైకి జారిస్తే గరుకు తగులుతుంది. అన్నీ ఒకవైపు తిరిగి ఉంటేనే జుట్టు జుట్టులా ఉంటుంది. సగం తిరగబడితే ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. ఈ విగ్గుల కార్ఖానాలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి నెలంతా నేర్పేది ఇదే. అయితే పన్నెండో విగ్గుకు జుట్టు కొన్నది కొత్తవాళ్లు కాదు, కాటా. దువ్వెనల్లో ఊడిన చిక్కుజుట్టు సగం ధరకు వస్తోందని తెచ్చి మంచి కట్టల్లో కలిపేశాడు.

కాటా అంటే జుట్టు తూచే మనిషి. యజమాని బావమరిది. తూచడంతో పాటు తిట్టడం కూడా అతని పనే.

రేపు పొద్దున ఆర్డరు తాలూకు పన్నెండు విగ్గులూ పెట్టెలో పడాలి. నల్లగా, తిన్నగా, నడుం దాకా. పదకొండు వరసగా చెక్కతలల మీద కూర్చున్నాయి. పన్నెండో తల బోడిగా ఉంది.

"ఎవరి చేతిలో చచ్చింది ఇది?" అన్నాడు కాటా.

"నువ్వు తెచ్చినప్పుడే ఊపిరి లేదు బాబూ. మేం స్నానం చేయించామంతే," అంది పిన్ని.

నలభై మంది ఆడవాళ్లు తలలు వంచుకుని నవ్వారు. కాటా నవ్వలేదు. అతని చూపు బల్లల మీదుగా పోయి కిటికీ పక్కన ఆగింది.

అక్కడ సన్నముడి కూర్చుని ఉంది. వయసు నలభై రెండు. విగ్గు అడుగున ఉండే వల మీద కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకా లాగి ముడి వేస్తుంది. ఆమె ముడి అద్దం పెట్టి చూసినా కనపడదు, అందుకే ఆ పేరు. ఇరవై ఏళ్ల నుంచి అదే కిటికీ, అదే బల్ల. వెయ్యి ముడులకు ఒక టీ, రెండు బన్నులు వచ్చేంత కూలి. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ గిన్నెలు తెరిచారు. ఆమె నాలుగు ముద్దలు మింగి, చెయ్యి కడిగి, రేకు డబ్బాలోంచి తన విగ్గు తీసి ముందు పెట్టుకుంది. పాపిట దగ్గర వేలెడు జాగా మిగిలి ఉంది. ఈ పూటతో అయిపోతుంది.

నల్లగా, తిన్నగా, నడుం దాకా.

*

పదకొండు నెలల కిందట ఆ జుట్టు ఆమె తల మీదే ఉండేది.

రొమ్ములో గడ్డ తీసేశాక ఆరుసార్లు మందు ఎక్కించాలన్నారు. ఆ మందుకు జుట్టు నిలవదన్నారు. మందు ఎక్కేటప్పుడు తల చల్లబరిచే టోపీ ఒకటి ఉందనీ, అది పెడితే కొందరికి సగమైనా నిలుస్తుందనీ నర్సమ్మ చెప్పింది. ఒక్కసారి పెట్టడానికి సన్నముడి నెల కూలి అవుతుంది. మొగుడు లారీల టైర్లకు పంక్చర్లు వేస్తాడు. అతను గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. వద్దని ఆమే చెప్పింది.

"అయితే రాలకముందే కత్తిరించేసుకోమ్మా. దిండు మీద కుప్పలుగా చూసుకుంటే మనసు ఆగదు," అంది నర్సమ్మ.

పిన్నే కత్తిరించింది. జుట్టును ఆరు పాయలు చేసి, మొదళ్ల దగ్గర ఎర్రదారం బిగించి, ఒక్కో పాయా కోసింది. మొదలూ కొసా కలవకూడదు కదా. కార్ఖానాలో పాత మాట ఒకటి ఉంది. పనిమనిషి సొంత జుట్టుతో, సొంత సమయంలో, వల డబ్బులు కట్టి ఏదైనా అల్లుకోవచ్చు. ఆ రోజు తూచింది కాటానే. "కొప్పున్నమ్మ ఏ ముడేసినా అందమే. లేనమ్మకు మన కార్ఖానా ఉంది," అని జోకు కూడా వేశాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

రెండో మందుకే తల బోడి అయింది. కనుబొమ్మలు కూడా పోయాయి. మాడు నిప్పు తగిలినట్టు మండేది. దిండు తగిలినా నొప్పే. పాత నూలు చీర చింపి మెత్తటి టోపీ కుట్టుకుంది. వారానికి రెండుసార్లు పసిపిల్లల సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో కడిగేది. రుద్దకుండా అద్దుకునేది. దురద పెడితే గోరు తగలనివ్వకుండా అరచేత్తో ఒత్తుకునేది. ఇవన్నీ నర్సమ్మ కాగితం మీద రాసిచ్చింది. ఇరవై ఏళ్లుగా జుట్టుతోనే బతికిన మనిషికి జుట్టు లేని తలను ఎలా చూసుకోవాలో ఎవరో రాసివ్వాల్సి వచ్చింది.

మందులు అయిపోయాక మళ్లీ మొలిచింది. ఆరు నెలలకు బొటనవేలంత. కానీ పాత జుట్టు కాదు. బూడిదరంగు, రింగులు రింగులు. ఎవరి తలో తెచ్చి తన మెడ మీద పెట్టినట్టుంది. కొందరికి ఇలాగే వస్తుందనీ, ఇలాగే ఉండిపోవచ్చు, మారవచ్చు, ఏడాది ఆగి చూడాలనీ నర్సమ్మ చెప్పింది. "రంగు పూయకు. గట్టి దువ్వెన పెట్టకు. వేడి తగలనివ్వకు."

లోకానికి ఏడాది ఆగే ఓపిక లేదు. బస్సులో ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. పంపు దగ్గర బిందెలు జరిగిపోతాయి. పన్నెండేళ్ల కూతురు బడికి పోతూ పది అడుగులు ముందు నడుస్తుంది. అమ్మ అందుకోబోతే పన్నెండు అడుగులు చేస్తుంది. ఆ పిల్లను తిట్టడానికి సన్నముడికి నోరు రాలేదు. మధ్యాహ్నాలు ఇరవై నిమిషాల చొప్పున ఆరు నెలలు ముడులు వేసింది. ఆ పది అడుగులూ దగ్గర చేయడానికే వేసింది.

ఈ రోజు పొద్దున ఆ పిల్ల ఒక్క మాట అడిగింది. "ఇవాళ అయిపోతుందామ్మా?"

"అయిపోతుంది."

*

కాటా వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. విగ్గును చెక్కతలతో సహా ఎత్తి కిటికీ వెలుగులో తిప్పాడు.

"ఎన్ని అంగుళాలు?"

"అది ఆర్డరుది కాదు," అంది సన్నముడి.

"అడిగింది చెప్పు."

"ముప్పై. నాది."

"నీకిప్పుడు ఇదెందుకు? మొలుస్తోంది కదా. నాలుగు నెలలాగితే నువ్వే జడేసుకుంటావు. ఇది ఆర్డర్లో పెడదాం. వల డబ్బులు తిరిగిస్తాను. పై కూలి కూడా వేయిస్తాను."

"అమ్మడానికి చెయ్యలేదు."

"ఆర్డరు పోతే నలభై మందికి వారం పని ఉండదు. నీ ఒక్కదాని షోకు కోసం అందరి నోట్లో మట్టి కొడతావా?"

బల్లల దగ్గర నమలడం ఆగింది. వారం పని అనే మాట ఎవరి కడుపులో పడాలో వాళ్ల కడుపులో పడింది. సన్నముడి వాళ్లవైపు చూడలేదు.

"చిక్కుజుట్టు కలిపింది నేను కాదు," అంది.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకు."

"ముడులేసేది నేనే. దేనికి దేన్ని ముడేస్తున్నానో నాకు తెలుసు."

వెనక ఎవరికో పొలమారింది. కాటా చెవులు ఎర్రబడ్డాయి. విగ్గును బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గిస్తేనే భయం.

"సరే. తీసుకుపో. గేటు దగ్గర మన పద్ధతి ఉందిగా. అందరికీ ఒకటే పద్ధతి."

అతను వెళ్లిపోయాడు. పిన్ని గిన్నె మూతపెట్టి, పీట ఈడ్చుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇచ్చెయ్యకూడదటే? ఉద్యోగం ఉంటే ఇంకోటి అల్లుకోవచ్చు."

"దేంతో అల్లను పిన్నీ?"

సన్నముడి సూది అందుకుంది. వేలెడు జాగా నింపడానికి పదిహేను నిమిషాలు పట్టింది. చివరి ముడి కూడా మిగతావాటిలాగే వేసింది. సన్నగా.

*

గేటు పద్ధతి ఇది. సాయంత్రం ఆడవాళ్లంతా వరసలో నిలబడి కొప్పులు విప్పాలి. ఎప్పుడో ఒకామె కొప్పులో గుప్పెడు జుట్టు దాచి పట్టుకెళ్లిందట. అప్పటి నుంచి నలభై మందీ దొంగలే. గేటక్క ప్రతి తలలో వేళ్లు పెట్టి వెతుకుతుంది. ఎవరి దగ్గరైనా విడి జుట్టు దొరికితే ఒక పోగు తీసి ఆ మనిషి తలకు ఆనించి చూస్తుంది. తలతో కలిస్తే సొంతం. కలవకపోతే దొంగతనం.

సన్నముడి తిరిగి పనిలో చేరిన మొదటి రోజు గేటక్క చెయ్యి తటపటాయించింది. "విప్పడానికి లేకపోతే చూపించడానికి గుండైనా ఉందిగా," అన్నాడు కాటా. ఆరు నెలలుగా ప్రతి సాయంత్రం ఆమె అందరి ముందూ టోపీ ఎత్తింది. ఎత్తి, చూపించి, దించుకుని ఇంటికి పోయింది.

ఈ రోజు ఆమె టోపీ మడిచి సంచిలో పెట్టుకుంది. విగ్గు తల మీద పెట్టుకుని వరసలో నిలబడింది. కొన్ని కళ్లు పాత మనిషిని చూసి బెదిరాయి. ఎవరో "అమ్మో, వెనకటి లాగే ఉందే," అన్నారు.

ముందున్న ఎనిమిది మందీ కొప్పులు విప్పి, చూపించి, బయటికి పోయారు. ఆమె వంతు వచ్చింది. గేటక్క పక్కన కాటా ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. అనుమానం వచ్చిన జుట్టు ఆ ట్రేలో వేస్తారు.

"ఆనించి చూడు," అన్నాడు గేటక్కతో.

గేటక్క కదల్లేదు. "మనందరికీ తెలిసిందే కదా సార్. ఆ ఎర్రదారం పాయలు నేనూ చూశాను."

"తెలిసిందీ తెలియందీ నాకొద్దు. పద్ధతి."

అతనే చెయ్యి చాపాడు. విగ్గులోంచి ఒక పోగు పీకాడు. అంచు పైకెత్తి, లోపలి రింగు ఒకటి వేళ్లతో పట్టి లాగాడు. మాడు ఇంకా పచ్చిగానే ఉంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ తల వెనక్కి లాక్కోలేదు. అతను రెండు పోగులూ అరచేతిలో పక్కపక్కన పెట్టి అందరికీ చూపించాడు.

"ఇది నలుపు, అది బూడిద. ఇది తిన్నన, అది మెలిక. ఇప్పుడు చెప్పండి. ఏది ఈమెది?"

"రెండూ నావే," అంది సన్నముడి.

"ఒక తలకు రెండు రకాలా?"

వెనక నుంచి పిన్ని గొంతు వచ్చింది. "ఒకే చేలో నిరుడు వరి కోసి ఈ ఏడు నువ్వులు చల్లితే, నిరుటి వడ్లు దొంగవడ్లా నాయనా?"

"నీ వంతు రాలేదు. నోరు మూసుకో." కాటా రెండు పోగులూ ట్రేలో వేసి, దాన్ని ముందుకు చాపాడు. "తీసి ఇందులో పెట్టు. పెడితే ఇంటికి పో. పెట్టకపోతే దొంగతనం రాసి పంపిస్తా. రేపటి నుంచి రానక్కర్లేదు. ఇంకే కార్ఖానా గేటూ నీకు తెరుచుకోదు."

సన్నముడి ట్రే వైపు చూసింది. ఆరు నెలలు టోపీ ఎత్తిన చెయ్యి అలవాటుగా పైకి లేచింది. చెవి దాకా వచ్చింది. అక్కడ అతను లేపి వదిలేసిన విగ్గు అంచును కిందికి లాగి, సరిచేసుకుంది. చెయ్యి దింపేసింది.

"తియ్యను," అంది.

గట్టిగా అనలేదు. పక్కవాళ్లకు వినపడేంతగానే అంది.

"ఏమన్నావ్?"

"విన్నారుగా."

కాటా సైగకు గేటుకు తాళం పడింది. సన్నముడి అక్కడే నిలబడింది. వెనక వరసలో ముప్పై మంది జుట్టు విరబోసుకుని తమ వంతు కోసం చూస్తున్నారు. గేటు బయట బస్సు వచ్చి ఆగింది, హారన్ కొట్టింది, వెళ్లిపోయింది. ఆర్డరు పోతే పోయేది వారం కూలి. ఆ లెక్క అందరి మొహాల్లోనూ ఉంది. ఒకామె గొణిగింది కూడా. "దీనివల్ల మనకి చావొచ్చింది."

పిన్ని ఆ మాట విన్నది. నెరిసిన తన జుట్టును రెండు చేతుల్లోకి తీసుకుంది. మెలి తిప్పి, చుట్టి, కొప్పు వేసుకుంది.

"నిన్ను ఇంకా చూడలేదు. ముడెందుకు వేస్తున్నావ్?" అన్నాడు కాటా.

"నా జుట్టే. నాకు తెలుసు."

గేటక్క తాళంచెవి కొంగున ముడి వేసుకుని, ఇంక ఎవరి తలా వెతకనట్టు గోడకు జరిగింది. తర్వాత గొణిగిన ఆమే, మొహం అటు తిప్పుకుని, చిరాగ్గా, తన జుట్టు కూడా చుట్టడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకొకతె.

కాటా ట్రే ఇంకా చాపే ఉన్నాడు. అందులో రెండు పోగులు ఉన్నాయి. ఒకటి నల్లది, ఒకటి బూడిదది.