రేకు ట్యాంకు నీళ్లు

మందు వెయ్యని గిన్నెలో కూడా నాడీకణాలు మేల్కొనే ఉన్నాయి.

నగ్లా తెర మీది గీతను మళ్లీ చూసింది. మెదడు కణాలను లేపే గ్లూటమేట్ చుక్క తగలగానే కణం మీది గ్రాహకాలు తలుపులు బార్లా తెరిచాయి. అలెగ్జాండ్రియాలోని ఈ ప్రయోగశాలలో తను చేరిన రెండేళ్లుగా అవి మగతలోనే ఉండేవి. ప్రొఫెసర్ సబ్రీ కనిపెట్టిన మందు పడితేనే లేచేవి. శనివారం నుంచి ఆ మందును నలభై మంది మతిమరుపు రోగులకు ఇస్తారు. జాబితాలో ఏడో పేరు నగ్లా తల్లిది. కొత్త మందు కోసమని రెండు వారాలుగా ఆవిడ చేత పాత మాత్రలు మాన్పించారు. నిన్న కూతుర్ని చూసి, "ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అంది.

ఇవాళ మారింది ఒక్కటే, నీళ్లు. శుద్ధజలం కుళాయి బిగుసుకుపోతే, మందుల షాపు నుంచి సీలు వేసిన సీసా తెప్పించి ద్రావణం కలిపింది.

కుళాయి నీళ్లు మేడ మీది రేకు ట్యాంకువి; ఆ రేకు పూతలోని జింకే గ్రాహకాలను మూసేస్తోందేమోనని అనుమానం తొలిచేసింది. సీసా నీళ్లతోనే చేసిన మరో గిన్నెలో రవ్వంత జింకు కలిపింది. గ్రాహకాలు మూతపడ్డాయి. సబ్రీ మందు వేసింది. తెరుచుకున్నాయి. అంటే మందు గ్రాహకాల జోలికే పోవడం లేదు. నీళ్లలోని జింకును పట్టుకుంటోంది, అంతే.

మేడ మీదికి పరుగెత్తి, శుద్ధజలం నిలవుండే రేకు ట్యాంకు మూత ఎత్తింది. లోపల జింకు పూత తెల్లగా పొట్టు రేగి ఉంది.

"ముతవల్లీ బాబాయ్! ఈ నీళ్లా మాకు పోస్తున్నావు?"

ముసలి సహాయకుడు టీ గ్లాసు కింద పెట్టాడు. "నన్నంటావేం తల్లీ? నువ్వు రాకముందే, మా పెద్దదాని పెళ్లప్పుడే, ప్లాస్టిక్ ట్యాంకు పెట్టాను. నాలుగు రోజులకే పెద్దాయన, 'పాతదే బిగించు, నోరు మూసుకో' అన్నాడు. అంత చదువుకున్నాయన, ఏదో తెలిసే అంటున్నాడనుకున్నా."

సబ్రీ తన గదిలో గుమ్మడి గింజలు ఒలుచుకుంటున్నాడు. నగ్లా రెండు గీతల కాగితాలూ బల్ల మీద పడేసింది.

"మీ మందు మనిషికి కాదు సార్, ట్యాంకుకు వైద్యం చేస్తోంది."

"మెదడులోనూ జింకు ఉంటుందమ్మా," అన్నాడాయన తలెత్తకుండా.

"అయితే ప్లాస్టిక్ ట్యాంకు ఎందుకు పీకించారు?"

గింజ ఒలుస్తున్న వేళ్లు ఆగిపోయాయి.

"ఆ నాలుగు రోజులూ నా మందు ఏమీ చెయ్యలేదు. ఎలుకలకూ ఇచ్చి చూశాను. ఒక్కటీ బాగుపడలేదు. అప్పటికే పత్రికల్లో నా ఫోటో వచ్చేసింది. నేను కనిపెట్టింది తుప్పు నీళ్లకు మందని ఏ నోటితో చెప్పను? అవును, పాత ట్యాంకు నేనే పెట్టించాను. ఎలుకల లెక్కలు నేనే మార్చి రాశాను. మీ అమ్మ పేరు కూడా నేనే చేర్చాను నగ్లా. ఏదో ఒక రోజు నువ్వు తవ్వుతావని తెలుసు. కన్నతల్లి బాగుపడుతుందన్న ఆశ అడ్డం పడితే, నీ చెయ్యి దానంతటదే ఆగిపోతుందనుకున్నాను."