మసకలో రెండు చుక్కలు

అదా బాబూ? పొద్దుగూకితే మా అన్న వాకిట్లో మంచం ఎందుకేయించుకునీవోడంటే, మా వొదిన కోసం. చుక్కలు సూసీది మా వొదినే. అన్నకి సూపానీది కాదు. అయినా మొన్న పోయీదాకా అటే సూసీవోడు.

వొదిన పేరు రాజ్యం. ఆంధ్ర రాష్ట్రం వొచ్చిన యేటి మాట. సోడవరం అవతల, వడ్డాది దారిలో మా బెల్లం బట్టీ. మా అన్న పరదేశి పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసి మంటేసీవోడు. వొదిన పెనం కాడ నిలబడి పాకం సూసీది. బుడగ సూసి ఎప్పుడు దించాలో సెప్పీసీది.

చలికాలం పొద్దుగూకినాక నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఒక మసక మరకుంటాది. మనకది మరకే. వొదినకి అందులో చుక్కలు విడివిడిగా ఆనీవి. పాకంలో బుడగల్లాగ అయ్యి పొంగుతాయి, అణుగుతాయి. బాగా ఎలుగున్నయి నెమ్మదిగా, ఎలుగు తక్కువయి బేగి బేగి. ఊళ్లో ఒక్కో మడిసికి అందులో ఒక చుక్క. అందరికీ తెల్సిందే అది.

పక్కింటి అచ్చియ్యమ్మ రోజూ అడిగీది. "ఒసే రాజ్యం, మా ముసిలోడి చుక్క ఎలగుందే?"

"బాగానే పొంగుతంది అత్తా."

"అయితే ఈయేడు కూడా వాడితో నాకు తప్పదన్నమాట!"

ఆ యేడు అన్నకి పొగకి ఆయాసం పట్టుకుంది. డాక్టరు పొయ్యి కాడికెల్లొద్దన్నాడు. ఎల్లకపోతే ఎలగ? నరికిన చెరుకు కళ్లంలో పులిసిపోద్ది. అప్పుడు వొదిన మా అన్న చుక్కని ఎతికింది. రోజూ సూసి, చుక్క పొంగిన రోజల్లా తాడుకి ముడేసుకునీది. చివరికి రెండు చుక్కలు తేలేయి. రెండూ ఏడు రోజులకోసారే పొంగుతాయి, మళ్లీ రెండూ ఒకే రోజున అణుగుతాయి. కానీ ఒకటి మంచి ఎలుగు, ఒకటి మసక.

"పక్కపక్కన పడుకుని మన ఊపిరి ఒకటే అయిపోనాది మావా. ఇయ్యి మనిద్దరియ్యే" అంది.

"నాదేదే?"

"మసకది. దగ్గీవోడికి ఎలుగుంటాదేటి?"

అన్న నవ్వేడు. మాకూ నిజమేగదా అనిపించింది.

అప్పట్నించి ఆ చుక్క అణిగిన రోజుల్లో అన్నని పొయ్యి కాడికి రానిచ్చీది కాదు. పిల్లదాన్ని, నన్ను పెనం కాడ నిలబెట్టి తనే మంటేసీది.

"నీదీ ఇయ్యాలే అణిగింది కదా వొదినా?" అన్నాను.

"నాది అణిగినా మీ అన్నదాని కంటే ఎలుగే, పోవే గుంటా."

మాఘమాసం వొచ్చీసరికి మసక చుక్క పొంగడం తగ్గిపోనాది. ఇంక వొదిన అన్నని ఒక్కరోజు కూడా పొయ్యి ముట్టుకోనీలేదు. తనకీ దగ్గొచ్చింది. పొగకి ఎవలికి రాదని కొట్టిపారేసింది.

ఆఖరి బండి చెరుకు తెచ్చిన పెదబాబు అన్నని ఎగతాళి చేసేడు. "ఏరా పరదేశీ, పెళ్లాం పొయ్యి కాడ, నువ్వు రాజులాగ గట్టు మీదానా?"

అన్న సిగ్గుపడి లేచేడు. వొదిన పిప్పి ఎగదోసే కర్ర సూపించింది. "కూకో మావా."

ఆ పొద్దు ఆఖరి పెనం దించేం. మసక చుక్క పొంగాల్సిన రోజది. వొదిన తాడట్టుకుని, అప్పటికి పడమటేపు వాలిపోయిన మరకేసి శానాసేపు సూసింది. పొంగలేదు. ఇంటికొచ్చి అన్నకి పక్కేసింది. దీపమెట్టేం. అచ్చియ్యమ్మ తులసి నీళ్లు తెచ్చింది.

"ఆకలేస్తందే" అన్నాడు అన్న.

"పోయీవోడికి ఆకలేటిరా!" అంది అచ్చియ్యమ్మ.

రెండు గిన్నెల గంజి తాగేడు. ఒక్క దగ్గు నేదు. వొదిన అన్న గుండెల మీద సెయ్యేసి కూకుంది. కాసేపటికి నాకేసి తిరిగి, "తప్పు సూసేనే గుంటా. ఎలుగుది మీ అన్నది" అంది. నాకప్పుడు అర్థం కానేదు. తాడు నా సేతిలో ఎట్టి, గోడకి జేరబడింది. సెయ్యి మటుకు తియ్యలేదు.

అన్న తొంభై దాటి బతికేడు బాబూ. ఆ రేత్రి ఆ సెయ్యి కిందే హాయిగా నిద్దరోయేడు. తెల్లారీసరికి మా వొదిన నేదు.