బొరుగు తెంపని పోగు

ఇట్లా నా పక్కకు జరగండి. దుప్పటి కొస మీరూ కప్పుకోండి గానీ చెవులు మాత్రం బయట ఉంచండి. మొన్నటి చలికాలం ధర్మవరంలో త్రివేణి కుక్కపిల్ల చేసిన ఆగం చెబుతాను.

దాని పేరు బొరుగు. తెల్లటి ఒళ్లు. బట్టీలో బొరుగులు ఎగిరినట్టు ఎగిరేది కాబట్టి ఆ పేరు. చలికి మనుషులు ముడుచుకుంటుంటే దానికి మాత్రం కాళ్లలో కొత్త బలం పుట్టుకొచ్చేది. తెల్లవారితే చాలు, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఉరుకు. పక్కింటి ఆరీఫా చెప్పు నోట కరుచుకుని మళ్లీ ఉరుకు. త్రివేణి ఆ ఇంటికి కొత్త కోడలు. భర్త తాడిపత్రి రాళ్ల లారీ మీద ఊళ్లు తిరిగేవాడు. ఇంట్లో మగ్గం చప్పుడే గానీ మాట చప్పుడు తక్కువ. తోక ఒక్కటే కాదు, ఒళ్లంతా ఊపుకుంటూ ఆమెకు ఎదురొచ్చేది ఆ కుక్క ఒక్కటే.

మామ మార్కండేయకు పట్టే ప్రాణం. ఒకరోజు బొరుగు దారం చుట్టిన కండెను ఎత్తుకుపోయి పట్టునంతా వీధిలో పరిచింది. ఆయన ముఖం ఎర్రబడింది.

"గుమ్మఘట్ట తిప్పన్నకు గొర్రెల మంద కాడికి కుక్క కావాలంట. గురువారం వస్తాడు. అంతలోపల ఇది ఇంకొక్క పోగు తెంపినా ఆయనెంబడి పంపిస్తా."

"తెంపకపోతే, మామా?"

"తెంపకుండా ఉండే కుక్క యాడన్నా ఉండాదా?" అన్నాడాయన.

ఆ గురువారమే వీధిలో కొత్త పడుగు చాచారు. పడుగంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు. వీధి పొడవునా బిగించి, చిక్కులు తీసి, తెగినవి అతకాలి. ఒక కొసను గుంజకు కట్టారు. రెండో కొస తాడును మార్కండేయ తానే పట్టుకుని, నల్ల కంబళి కప్పుకుని, కాళ్లు రాతికి తన్నిపెట్టి కూర్చున్నాడు. చేతికి తెలిసిన బిగువు గుంజకు తెలియదని ఆయన నమ్మకం. నడుమ త్రివేణి, ఆరీఫా, ఇంకా నలుగురు పోగులు కిందికి జారకుండా మోసే కర్రలు పట్టుకుని నిలబడ్డారు. తిప్పన్న కూడా దిగాడు, చేతిలో తాడుతో.

బొరుగును త్రివేణి లోపల కట్టేసే వచ్చింది. అయితే ఏం? కట్టు కొరికేసి, సగం తాడు మెడకు వేలాడుతుండగా గడప దాటి దూకింది!

"వచ్చె! వచ్చె! పట్టండప్పా!" అని ఆరీఫా కేక.

ఎవరు పడతారు? చేతులన్నీ పడుగుకే అంకితం. కర్ర వదిలితే పట్టంతా నేలపాలు. తిప్పన్న ఒక్కడే వెంటబడ్డాడు. అది ఆటనుకుని పడుగు కింద దూరి అటు, మళ్లీ దూరి ఇటు. వీపు పోగులకు రాసుకున్నప్పుడల్లా త్రివేణి తన కర్రను ఇంకాస్త పైకెత్తుతోంది.

"అబ్బబ్బ, ఏం ఉరుకుతాదిరా నాయనా! తోడేలునైనా తరుముతాది ఇది!" తిప్పన్నకు దాని మీద ఆశ ఇంకా పెరిగింది.

ఎండకు మెరిసే పట్టును చూసి బొరుగు ముందుకాళ్లు వంచింది, పిర్రలు పైకెత్తింది. ఇక దూకడమే!

"అరవొద్దండీ! తిప్పన్నా, నువ్వు ఆన్నే నిలబడు! మీరు అరిస్తేనే దానికి ఆట!" అంది త్రివేణి.

వీధి మొత్తం బొమ్మలా నిలిచిపోయింది. బొరుగు అటు చూసింది, ఇటు చూసింది. ఆడేవాళ్లు లేరు. ఉరుకు ఆగేసరికి చలి తెలిసింది. వణుకుతూ నేరుగా మార్కండేయ దగ్గరికి పోయి, కంబళిలో దూరి, ఆయన ఒళ్లో చుట్ట చుట్టుకుంది.

"ఏయ్! పో అవతలికి! త్రివేణీ, తియ్యమ్మా దీన్ని!"

"నా చేతిలో కర్ర ఉండాది మామా, ఎట్లా వచ్చేది?"

"ఉండనీ చిన్నాయనా, సలికి మంచిదే!" అంది ఆరీఫా. అందరూ నవ్వు ఆపుకోలేకపోయేసరికి కర్రలు ఊగాయి. తాడు వదలలేక ఆయన పళ్లు కొరుకుతూ కూర్చున్నాడు. కాసేపటికి కొరకడం మానేశాడు.

పని ముగిసింది. ఒళ్లో నిద్రపోతున్న కుక్కను చంకన పెట్టుకుని మార్కండేయ పడుగు వెంట నడిచాడు, వెనకే త్రివేణి. బొరుగు దూరిన చోట ఒక పోగు తెగి వేలాడుతోంది. దానికి ఒక తెల్ల వెంట్రుక అంటుకుని ఉంది. త్రివేణి తిప్పన్న వైపు చూసింది.

మార్కండేయ వంగి, ఆ వెంట్రుకను గాలికి ఊదేశాడు. రెండు వేళ్లతో పోగును నలిపి అతికించాడు.

"పట్టన్నాక సలికి తెగతాది," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"ఏమప్పా, తీసుకపోదునా?" తిప్పన్న తాడు విప్పుతూ వచ్చాడు.

"ఒక్క పోగన్నా తెంపలేదు గదా తిప్పన్నా! మాటంటే మాటే. నువ్వు ఇంకో కుక్కను చూసుకో."

త్రివేణి ఆ చలిలో, ఆ నడివీధిలో గట్టిగా నవ్వింది. ఆ ఇంటికి వచ్చాక అంత నవ్వు అదే మొదలు.

మరవకండి, నలుగురికీ చెప్పండి. ఆ తెల్ల వెంట్రుక సంగతి మాత్రం మార్కండేయ చెవిన పడేలా చెప్పకండి. అట్లాంటిది లేనే లేదని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు.