నెల ముందు, తేదీ తర్వాత

"మనిషి ప్రాణం పోయేది, తెలుసా సిస్టర్?"

డాక్టర్ ఆమోసు అరుపుకి పటమటలోని ఆ చిన్న ఆస్పత్రి అదిరిపోయింది. కంకిపాడు నుంచి వచ్చిన పుల్లయ్యకు అరగంట తేడాలో ఇన్సులిన్ రెండుసార్లు పడింది. స్పృహ తప్పినవాడికి గ్లూకోజ్ ఎక్కించి ఇప్పుడే గండం గట్టెక్కించారు.

కంప్యూటర్లో, నోట్‌ప్యాడ్‌లో రాసుకునే రిజిస్టర్లో రెండు డోసులూ నర్సు షాహీదా పేరు మీదే ఉన్నాయి.

"రెండోది నేను వెయ్యలేదు సార్! అల్లా మీద ఒట్టు."

"అయితే కంప్యూటర్ అబద్ధమాడుద్దా? పోలీసులకే చెప్పుకో."

ఆయన ఫోన్ చేశాడు. ఎస్సైని పిలుస్తాం, లైన్లో ఉండమన్నారు కాబోలు, రిసీవర్ బల్లమీద పెట్టాడు.

పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, జైలు! షాహీదా తెరకేసి చూసి ఆగిపోయింది.

9:10 AM 7/4/2002
9:40 AM 4/7/2002

ఇవాళ జూలై నాలుగు. ఎఫ్5 మీట నొక్కితే టైమూ తేదీ వాటంతటవే పడతాయి. కాకపోతే ఈ కంప్యూటర్ నెల ముందు వేస్తుంది. రెండో వరుసలో తేదీ ముందుంది. అంటే అది మీట వేసింది కాదు, ఎవరో చేత్తో కొట్టింది!

ఆ కంప్యూటర్ ముట్టుకునేది ముగ్గురే. తను, ఎఫ్5 నేర్పిన మేనేజర్ స్టీఫెన్, ఇంకా...

"సంజాయిషీ ఆ వరుసల కిందే రాసిస్తాను సార్. ముందు టైమూ తేదీ మీరే వెయ్యండి. మళ్లీ నేను మార్చానంటారు."

"బాగానే తెలివి మీరావే!" ఆమోసు ఒంటివేలితో మీటలు వెతుక్కుంటూ కొట్టాడు. 11:25 AM 4/7/2002.

"స్టీఫెన్ గారూ, దానికింద మీరూ వెయ్యండి."

గుమ్మంలో నిలబడి చూస్తున్న స్టీఫెన్ వచ్చి, అలవాటుగా ఎఫ్5 నొక్కాడు. 11:26 AM 7/4/2002.

అతని చూపు పైకి పోయింది, కిందికొచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"సార్... పొద్దున ఆ లైను కొట్టింది మీరా?"

ఎవరినైనా అనుమానించేది గానీ ఈయన్నా! తన తల్లికి పైసా తీసుకోకుండా ఆపరేషన్ చేసిన మనిషి! షాహీదా నమ్మలేనట్టు ఆయనకేసి చూసింది.

"రౌండ్స్‌లో రెండో ఇంజెక్షన్ నేనే వేశాను," ఆమోసు గొంతు పీలగా వచ్చింది. "నువ్వప్పటికే వేశావని చూసుకోలేదమ్మా. అతను పడిపోయేసరికి భయమేసి నీ పేరు కొట్టేశాను."

బల్లమీది రిసీవర్లోంచి "హలో, ఎవరండీ?" అని వినిపించింది.

షాహీదా దాన్ని తీసి ఆయన చేతికిచ్చింది.

"మాట్లాడండి సార్. మీరే పిలిచారుగా."