ఐదేళ్లు నిండని పిల్లలు

కార్డు మీద గ్లాసులో నీళ్ల బొమ్మ ఉంది. మండలం నుంచి వచ్చిన పెద్దసారు దాన్ని సమ్మక్క ముఖం ముందు పెట్టి మూడోసారి అడిగాడు.

"గ్లాసుల ఏముంది పాపా?"

"ఏరు," అంది సమ్మక్క.

ఆయన కాగితంలో ఆమె పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టాడు. గుమ్మం దగ్గర నిలబడిన ఎర్రమ్మ ఊరుకోలేకపోయింది.

"మా కోయ మాటల నీళ్లనే ఏరంటం సారూ. పిల్ల సరింగనే చెప్పింది."

"పరీక్ష తెలుగుది గదమ్మా. తెలుగులనే చెప్పాలె," అన్నాడాయన, కోపం లేకుండానే. పొద్దుగూకే లోపల ఆయన ఇంకా నాలుగు బడులు తిరగాలి.

ఎర్రమ్మ మద్దిమానుగూడెం అంగన్‌వాడీలో ఆయా. రెండేళ్ల కిందట గాలివానకు సెంటరు రేకులు లేచిపోయాయి. అప్పటినుంచి సెంటరు ఆమె ఇంటి పంచలోనే నడుస్తోంది. టీచరు శ్యామల పాల్వంచ నుంచి రావాలి. బస్సు వారానికి మూడు రోజులు వస్తే ఎక్కువ. తక్కిన రోజుల్లో నెలకు ఏడు వందలు తీసుకునే ఎర్రమ్మే వండి పెట్టి, ముక్కులు తుడిచి, తనకు తెలిసిన నాలుగు మాటలు తనకు తెలిసిన భాషలో చెబుతుంది. అక్షరాలు ఆమెకు రావు. ఐదేళ్లు నిండాక ఆ పిల్లలే వాగు దాటి ఈ బడికి వస్తారు. ఇక్కడ ఒకటే గది, ఐదు తరగతులు, ఒక్క రమణ సారు. ఐదో తరగతితో మొదలుపెట్టి ఒకటో తరగతి దగ్గరికి వచ్చేసరికి అన్నం గంట కొడతారు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. ఒకటో తరగతిలో పదకొండు మంది ఉంటే ఏడుగురికి డీ గ్రేడు. ఏడుగురూ కోయ పిల్లలే.

పెద్దసారు బండి వెళ్లిపోయాక రమణ సారు, ఆ రోజు వచ్చి ఉన్న శ్యామలను, ఎర్రమ్మను లోపలికి పిలిచాడు.

"పై వారం కల్ల లిస్టు పోవాలె. గిన్ని డీలుంటే నాకు మెమో ఇస్తరు. ఐదు క్లాసులకు ఒక్కణ్ని పెట్టినోళ్లను మాత్రం ఎవరడుగుతరు?" అన్నాడు. "శ్యామలా, నీ సెంటర్ల తొమ్మిది మందే అంటివి గద. పదిహేను లేకుంటే తీసేస్తమన్నరు గద. ఈ ఏడుగురికి ఐదేండ్లు నిండలేదని రాద్దాం. తెల్వక బడిల ఏసుకున్నమని చెప్పి నీ సెంటరుకు పంపిస్త. ఇద్దరం బయటపడ్తం."

ఆ పిల్లలకు పుట్టిన తేదీ కాగితాలు లేవు. ఏడుగురికీ మంత్రసాని ఎర్రమ్మే. అందుకే ఆమె వేలిముద్ర కావలసి వచ్చింది.

"సమ్మక్క జాతర నెలల పుట్టింది సారూ. అందుకే ఆ పేరు పెట్టిండ్రు," అంది ఎర్రమ్మ. "రెండేండ్లకోపారి గద జాతర. పిల్ల పుట్టినంక మూడు జాతర్లయినయి. ఐదేండ్లు నిండలేదని ఎట్ల చెప్పాలె?"

"అవ్వా, సెంటరు తీసేస్తే నీ ఏడు వందలు గూడ పోతయ్," అంది శ్యామల మెల్లగా. "పిల్లలు యాడికి పోరు. నీ కాడనే ఉంటరు గద."

ఎర్రమ్మ సిరాపెట్టె వైపు చూసింది. బొజ్జయ్య పెద్దకూతురు గుర్తొచ్చింది. ఆ పిల్ల ఒకటో తరగతిలోనే మూడేళ్లు కూర్చుంది. పక్కనున్న వాళ్లకంటే రెండు జానలు పొడుగైంది. ఒకరోజు సిగ్గుపడి బడి మానేసింది. ఇప్పుడు పదేళ్లకే బూర్గంపాడు చేలల్లో మిర్చి ఏరుతోంది. సమ్మక్క దాని చెల్లెలే.

ఎర్రమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది.

"నేను పెట్ట," అంది.

పొద్దు వాలాక బొజ్జయ్య ఇంటికి వెళ్లి విషయమంతా చెప్పింది. అతను మిర్చి ఘాటుకు మండుతున్న చేతులు కుండనీళ్లలో ముంచి కూర్చున్నాడు.

"సాయంత్రమే సారు, టీచరమ్మ చేను కాడికొచ్చి నా వేలు ఏయించుకున్నరు," అన్నాడు తమ భాషలో. "నువ్వు పెట్టనన్నవని గూడెం పెద్ద జంపయ్యతోని సాక్షి ఏయించిండ్రు. సెంటర్ల పిల్లలకిచ్చే గుడ్ల కోసమని ఆయనకు చెప్పిండ్రంట."

"నీ బిడ్డ ఏడేండ్లు ఎటుపోయినయిరా?"

"నేను ఐదు దాంక చదివిన. నేను నోరు తెరిస్తే క్లాసంత నవ్వేది. ఏమొచ్చింది నాకు? దాన్ని సెంటర్లనే తిననియ్యి పిన్నీ."

ఎర్రమ్మ లేచి వచ్చేసింది.

సోమవారం పొద్దున ఏడుగురూ పలకలు పట్టుకుని పంచలోకి వచ్చారు. వాళ్లకు ఎవరూ ఏమీ విడమరిచి చెప్పలేదు. శ్యామల ఆ రోజు పెందలాడే వచ్చింది. రిజిస్టరులో పదహారు అని రాసుకుంది. సమ్మక్క మూడేళ్ల పిల్లల వరసలో కూర్చుని, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్లు ముడుచుకుంది.

"అవ్వా, మంచిగ వరసల కూసోపెట్టు," అంది శ్యామల తలెత్తకుండా.

ఎర్రమ్మ గరిటె కింద పెట్టింది. చిన్నపిల్లలను దాటుకుంటూ వెళ్లి ఆ ఏడుగురినీ లేపింది.

"నువ్విట్ల చేస్తే నేను పైకి రాయాల్సొస్తది."

"రాయి టీచరమ్మా."

వాగు దాటి బడికి చేరేసరికి లోపల రెండో ఎక్కం నడుస్తోంది. రమణ సారు గుమ్మంలోకి వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పేర్లు కొట్టేసినం ఎర్రమ్మా. నా చేతుల ఏం లేదు. తీస్కపో."

"తీస్కపోను."

"అన్నం గూడ లెక్కల రాదు ఈళ్లకు."

ఆమె పిల్లలను కిటికీ కింద ఎండలో కూర్చోబెట్టి, తాను పక్కన చతికిలబడింది. లోపలి పిల్లలు ఎక్కం ఆపి కిటికీలోంచి వంగి చూస్తున్నారు. బయట సమ్మక్క లోపలి పాఠాన్ని పలక మీద దించుకోబోయింది గాని, కనిపించనిది ఎట్లా దించుకోవాలో తెలియలేదు.

రమణ సారు కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత ఐదో తరగతి పిల్లను పిలిచి కిటికీ మూసేయమన్నాడు.

ఆ పిల్ల వెళ్లి నిలబడింది. ఆ కిటికీకి రెక్కలు లేవు.