దేవుని పాట, బియ్యం పాట

నేను ఒక తగరపు డబ్బాను. ఒంగోలు బజారులో మస్తానయ్య అనే పనివాడు పాత కిరసనాయిలు డబ్బాను కోసి, అంచు మడిచి, నాకు మూత పెట్టాడు. బియ్యం వ్యాపారి గమలీయేలు బేరమాడి మరీ నన్ను కొన్నాడు. కొట్లో కారం పోయడానికని తెస్తే, ఆయన భార్య దీవెనమ్మ వంటింట్లోకి లాక్కుపోయింది. కొన్నది ఒకందుకు, వాడింది ఒకందుకు. వ్యాపారంలో ఇది మామూలే.

దీవెనమ్మ పూటపూటా ఎసట్లో పోసే ముందు చేటలోంచి పిడికెడు బియ్యం తీసి నాలో వేసేది. అది దేవుని భాగం. మిగిలితే వేసేది కాదు, ముందు తీసేది. గమలీయేలు అన్నం కోసం పీట మీద కూర్చుని నవ్వేవాడు.

"పిడికిలి గట్టిగా బిగించవే. వేళ్ళ సందున కారిపోద్ది."

"బిగిస్తే తక్కువ పడుద్దయ్యా. నీ కొట్టు తెలివి ఇక్కడ చూపించమాక."

ఆదివారం నన్ను గుడికి మోసుకెళ్ళేది. అన్ని ఇళ్ళ బియ్యమూ పీఠం ముందు చాప మీద ఒకే కుప్పగా పోసేవారు. ఆరాధన కాగానే వేలం. మొదట దేవుని పాట, తరవాత బియ్యం పాట. వచ్చిన పైకం కొండల్లో సువార్త చెబుతున్న తీతుకు మనియార్డరు వెళ్ళేది. తీతు దీవెనమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. భార్యాబిడ్డలతో గూడెంలో కాపురం. ఆ పైకం తప్ప అతనికి వేరే జీతం లేదు.

ఆ గుడిలో ఒక పట్టింపు ఉంది. దేవుని భాగాన్ని కొలవకూడదు. కొలిస్తే దేవుణ్ణి అనుమానించినట్టట. అందుకని కుప్పను కంటి అంచనాతోనే పాడేవారు. సన్నాలు, ముతకలు, నూకలు కలిసిన ఆ బియ్యం ఇంకెవరికీ పనికిరాదు. దాన్ని జల్లించి అమ్ముకునే కొట్టు ఊళ్ళో గమలీయేలుది ఒక్కటే.

"కిరసనాయిలు వాసనండీ అయ్యగారూ! నష్టానికే పాడుతున్నా," అని నా వంక చూపించేవాడు. పాస్టరు అయ్యగారు మూడుసార్లు పిలిచి అతని పేరనే పాట కొట్టేసేవారు. అయ్యగారిని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. కొనేవాడు ఒక్కడే అయితే ధర వాడి నాలుక మీదే ఉంటుంది.

ఒక వేసవిలో తీతు అక్కను చూడటానికి వచ్చాడు. కొండజ్వరం తిని వదిలిన మనిషిలా ఉన్నాడు.

"బావా, కాస్త పై పాట పాడరాదా? మందులకి కూడా రావట్లేదు."

"నేను ధర పెంచితే నీకు దేవుడి మీద నమ్మకం తగ్గుద్ది బామ్మర్దీ," అన్నాడు గమలీయేలు, పళ్ళు కుట్టుకుంటూ.

తీతు నవ్వడానికి ప్రయత్నించి దగ్గాడు. గుమ్మం వెనక దీవెనమ్మ అంతా విన్నది.

అతను కొండకు తిరిగి వెళ్ళాక ఆమె రెండేసి పిడికిళ్ళు వేయసాగింది. రెండోది తన కంచంలోది. మెడ ఎముకలు తేలాయి, గాజులు మోచేతిదాకా జారాయి. ఎవరడిగినా ఉపవాసమనేది. కుప్ప పెరిగింది, పాట మాత్రం పెరగలేదు. తమ్ముడి కోసం ఆమె మాడ్చుకున్న కడుపు వారం వారం మొగుడి లాభంలో జమపడింది. అంత కచ్చితమైన వ్యాపారాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

వానలు పట్టాక గూడెం నుంచి కబురొచ్చింది. తీతు జ్వరంతో పోయాడు.

ఆ ఆదివారం గమలీయేలు గొంతు సవరించుకుని, మొదటి పిలుపుకే ఎన్నడూ పాడనంత పాట పాడాడు. ఆడవాళ్ళ వైపు నుంచి దీవెనమ్మ లేచింది.

"ఆగండి అయ్యగారూ. కుప్ప కొలవండి."

"అమ్మా, దేవుని భాగం..."

"మనం కొలవకపోబట్టే గదండీ నా తమ్ముడు పోయింది. మానిక తెప్పించండి."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో ఎదురింటి నుంచి మానిక తెచ్చి కుప్పలో గుచ్చారు. అది నిండి పైకి లేవబోతుంటే గమలీయేలు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొలవక్కర్లేదు," అన్నాడు. "అదెంతుంటదో నాకు తెలుసు. ప్రతి వారం తెలుసు."

దీవెనమ్మ అతని వైపు చూడలేదు. మానిక అందుకుని తనే కొలవడం మొదలుపెట్టింది. చివరిదాకా కొలిచింది.

అప్పటి నుంచి వేలం లేదు. బియ్యమే మూటకట్టి బస్సు మీద కొండకు పంపుతున్నారు. నాకు అడుగు తుప్పు పట్టి చిల్లుపడింది. గుడి వెనక విరిగిన బెంచీల మధ్య పడి ఉన్నాను. తీతు భార్యాబిడ్డలకు ఇప్పుడు నిండుగా అందుతోందని విన్నాను. మరి అందదా? తినే నోళ్ళలో ఒకటి తగ్గింది.