పచ్చగీత మీద ముల్లు

సరస్సు మధ్యలో పడవ ఇంజిన్ పెట్టె సందుల్లోంచి నల్లటి పొగ తన్నుకొచ్చింది. పడవల తనిఖీదారు గోడకున్న మంటలార్పే ఎర్ర సిలిండర్‌ని ఊడబీకి, పిన్ను లాగి, పిడి నొక్కాడు.

తుస్సుమని గాలి వచ్చింది. పొడి రాలేదు.

సిలిండర్ ఒత్తిడి చూపే ముల్లు మాత్రం పచ్చగీత మీదే ఉంది, దొంగసాక్షిలా.

"ముల్లు చూసి వదిలేశావేంట్రా, చిన్నోడా?"

అన్న గొంతు. ఏడాది కిందట ఇదే సరస్సు మధ్యలో పడవతో సహా కాలిపోయిన అన్న. అప్పట్నుంచీ సిలిండర్ ముట్టుకుంటే చాలు, ఆ గొంతు చెవిలో పలుకుతూనే ఉంది.

"తప్పుకో, మరిదీ!"

పడవ నడుపుతున్న వదిన తన సీటు కింది సిలిండర్‌ని తలకిందులు చేసి, అడుగున నాలుగు దెబ్బలు చరిచి, మంట మొదట్లోకి గురిపెట్టింది. తెల్లటి పొడి బుస్సున చిమ్మింది. మంట చచ్చింది.

"బాగుంది! తనిఖీకొచ్చిన ఆఫీసరు గుడ్లప్పగించి చూస్తుంటే, మంటలార్పడం నా పనీ!" నవ్వబోయి దగ్గింది.

"ఇంజిన్ అదురుకి పొడి అడుగున గడ్డకడుతుందట. నెలకోసారి తిప్పి కొట్టాలట. కోర్టులో మీ అన్న పడవ మెకానిక్ మొత్తుకున్నాడుగా. నా పసుపుకుంకాలు తుడిచిన పాపిష్టివాడే, అయినా మాట మాత్రం పట్టుకున్నా. రేపు నువ్వు సాక్ష్యం చెబితే లోపలికెళతాడు, పీడా పోతుంది."

అతను పొడి రాని సిలిండర్‌కి వేలాడుతున్న చీటీ వైపు చూశాడు. 'తిప్పి చూడబడినది.' కింద తన సంతకం. ఒక్క పూటలో ముప్పై పడవలు. ముల్లు చూడటం, చీటీ కట్టడం.

"చెప్పరా," అంది గొంతు, మెత్తగా.

వదిన కూడా చీటీ చూసింది. మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది.

"దీన్ని తిప్పలేదు కదూ?"

"లేదు."

"మీ అన్న పడవలోదీ..." ఆమె చీటీని పట్టుకు లాగింది. "మెకానిక్కే పాడుచేశాడన్నావు. నా కళ్ళలోకి చూసి అన్నావు."

చుట్టూ నీళ్ళు. పారిపోవడానికి ఒడ్డు లేదు.

"మెకానిక్ ఏ పాపమూ ఎరగడు, వదినా. అన్నని చంపింది నేనే."